రిసెప్షన్‌కు ఏ సంగీతం?

పెళ్లి కుదిరిన ఇంట్లో ఫంక్షన్ హాలు, భోజనాలు, ఫొటోలు, నగలు, చీరలు అన్నీ తేలాక చివరికి మిగిలే పని సంగీతం. అప్పటికి డబ్బూ ఓపికా రెండూ అడుగంటి ఉంటాయి. హాలు మేనేజరు ఇచ్చిన నంబరుకో, డెకరేషన్ వాళ్లు చెప్పిన మనిషికో ఫోన్ చేసి 'మీరే ఏదో ఒకటి చూసుకోండి' అనేస్తారు. ఆ ఏదో ఒకటి రిసెప్షన్ సాయంత్రమంతా వచ్చినవాళ్లందరి చెవుల్లో ఉంటుంది. కూర నచ్చకపోతే విస్తరిలో పక్కకు నెట్టొచ్చు. ఫొటో వద్దనుకుంటే స్టేజి ఎక్కకుండా వెళ్లిపోవచ్చు. హాల్లో మోగే శబ్దాన్ని మాత్రం తప్పించుకునే దారి లేదు. పెళ్లి ఖర్చుల్లో చిన్న పద్దే అయినా అతిథులందరినీ తాకేది ఇదే. కాబట్టి దీని గురించి ముందే కూర్చుని మాట్లాడుకోవాలి.

సికింద్రాబాద్‌లో ఎంచుకోవడానికి ఎన్ని రకాల సంగీతాలున్నాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరుతో ఏర్పడిన ఈ కంటోన్మెంటు ఊరికి పటాలాలతో పాటు వ్యాపారులు, రైల్వే ఉద్యోగులు, గుమాస్తాలు వచ్చి స్థిరపడ్డారు. పద్మారావు నగర్, మారేడుపల్లిలో తమిళ కుటుంబాలు, జనరల్ బజారులో మార్వాడీలు, గుజరాతీలు, లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్లు, చర్చిల చుట్టూ తెలుగు క్రైస్తవులు, అంతటా ఉర్దూ మాట్లాడే ఇళ్లు, వీళ్లందరి మధ్య తెలంగాణ తెలుగు. ఎవరి పెళ్లికి వాళ్ల వాద్యం ఉంది. పక్కింటి పెళ్లిలో వినీ వినీ అవి అందరివీ అయ్యాయి. తెలుగింటి పెళ్లికి మార్ఫా కొట్టడం, తమిళుల పెళ్లి బరాత్‌లో తీన్‌మార్ ఆడటం ఇక్కడ వింతేమీ కాదు.

ఇన్ని రకాలున్నప్పుడు ఏది మంచిదనే చర్చ తెగదు. ఆ చర్చ కన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: ఎంత సేపు, ఎంత గట్టిగా. ఈ రెండూ తేలితే సగం ఎంపిక దానంతట అదే జరిగిపోతుంది. ఇవి తేలకుండా ఎంత గొప్ప కళాకారుల్ని పిలిచినా వాళ్ల విద్య వృథా అవుతుంది.

రిసెప్షన్‌లో నిజంగా జరిగేదేమిటో చూడండి. కార్డు మీద సాయంత్రం 7.30 అని ఉంటుంది. జనం ఎనిమిది దాటాక మొదలవుతారు. ఫొటోషూట్, మేకప్ పూర్తి చేసుకుని కొత్త జంట స్టేజి మీదికి వచ్చేసరికి తొమ్మిదికి దగ్గరవుతుంది. అక్కడి నుంచి అక్షింతలు, కవర్లు, ఫొటోల కోసం క్యూ. క్యూలో నిలబడ్డవాళ్లు, తింటున్నవాళ్లు, తిని కుర్చీల్లో కూలబడ్డవాళ్లు అందరూ చేసే పని ఒకటే, మాట్లాడుకోవడం. మేనత్త కొడుకు ఎప్పుడో ఉద్యోగానికి పుణె వెళ్లినవాడు కనబడతాడు. పాత ఆఫీసు మిత్రుడు భార్యను పరిచయం చేస్తాడు. పెద్దావిడ ఒకరు 'నువ్వు ఫలానా వాళ్ల అమ్మాయివి కదూ' అని గడ్డం పట్టుకుంటుంది. విందుకు పిలిచింది దీనికోసమే. మీటరు దూరంలో ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే ఆ గొంతు సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. హాల్లో సంగీతం 80 దాటితే మాట్లాడాలంటే అరవాలి. అందరూ అరుస్తుంటే పాట వినబడటం లేదని మిక్సర్ దగ్గర కూర్చున్నవాడు ఇంకాస్త పెంచుతాడు. అప్పుడు పెద్దవాళ్లు మాట్లాడటం మానేసి నవ్వి తల ఊపడం మొదలుపెడతారు. కాసేపటికి 'ఇక వెళ్దాం పదండి' అంటారు. వాళ్లను పంపించింది ఆ మోతే.

మాటకు చోటిచ్చే సంగీతం ఏదని వెతికితే మొదట మన ముంగిట్లో ఉన్నదే కనబడుతుంది. సన్నాయి మేళం. దురదృష్టవశాత్తూ దాన్ని ముహూర్తానికే పరిమితం చేశాం. జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన, మంగళసూత్రం కట్టే క్షణాన గట్టిమేళం మోగించి, తలంబ్రాలయ్యాక వాద్యాలు సంచుల్లో పెట్టుకుని మేళం వాళ్లు వెళ్లిపోతారు. పొద్దుటి తంతులో వాళ్లకు ఒక్క రాగమైనా తీరిగ్గా వాయించే అవకాశం ఉండదు. ఆలాపన ఎత్తుకోగానే పురోహితుడు చెయ్యెత్తుతారు, గట్టిమేళం కొట్టాలి. వాళ్ల సాధనంతా సంకేతాలు ఇవ్వడానికే ఖర్చవుతుంది.

అదే మేళాన్ని సాయంత్రం ఏడు నుంచి రెండు గంటలు ఉండమని అడగండి. హాలు గుమ్మం బయట, లాన్ అయితే ప్రవేశ ద్వారం పక్కన, పరుపు వేసి కూర్చోబెట్టండి. మైకు పెట్టకండి. నాదస్వరం ఆరుబయట, గుడి ప్రాకారాల్లో వినిపించడానికి పుట్టిన వాద్యం. దాని నాదానికి యాంప్లిఫయర్ అక్కర్లేదు. ఏసీ హాల్లో తక్కువ కప్పు కింద పెడితే ముందు వరుసలో కూర్చున్నవాళ్లకు కష్టం. డోలుకు దగ్గరగా మైకు పెడితే మరీ కష్టం. అదే వాకిట్లో ఉంటే కారు దిగిన అతిథికి పెళ్లి ఇల్లు అక్కడే తెలుస్తుంది. లోపలికి నడిచేకొద్దీ నాదం మెత్తబడుతుంది. దగ్గరికి వెళ్లి చూస్తే ఇంకో అందం ఉంది. విద్వాంసుడు వాద్యానికి దారంతో కట్టిన పీకల్లో ఒకదాన్ని తీసి నోట్లో తడిపి, బిగించి, ఊది చూసి, నచ్చక ఇంకోటి బిగిస్తాడు. పక్కనున్న డోలు కళాకారుడు కుడిచేతి వేళ్లకు గట్టి తొడుగులు ఎక్కించుకుంటాడు. ఎడమచేతిలో చిన్న కర్ర. పెళ్లికొచ్చిన పిల్లలు దీన్ని నోరు తెరుచుకుని చూస్తారు. ఏ ఎల్‌ఈడీ స్క్రీనూ వాళ్లను అలా కట్టిపడేయదు.

సాయంత్రం వేళ కల్యాణి, మోహన, ఆనందభైరవి ఒక్కోటి ఇరవై నిమిషాలు వాయించమనండి. సినిమా పాట కావాలంటే అదీ వాయిస్తారు. రాగం తెలిసిన పాటల్ని వాళ్లు వాయిస్తే అసలు పాటలో లేని గమకాలు వినబడతాయి. ఈ విద్య వెనుక ఎంత పెద్ద పరంపర ఉందో చెప్పడానికి షేక్ చినమౌలానా ఒక్క పేరు చాలు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వరానికే తలమానికమైన ఆయనకు 1977లో పద్మశ్రీ వచ్చింది. ఆయన శిష్యులైన మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకూ పద్మశ్రీ దక్కింది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం వారు నాదస్వరం, డోలు వాద్యాలకే ప్రత్యేకంగా పాఠశాల నడుపుతున్నారు. అక్కడ చదువుకున్నవాళ్లు, తరతరాలుగా ఈ వృత్తిలో ఉన్న నాయీబ్రాహ్మణ కుటుంబాల వాళ్లు ఈ ఊళ్లోనూ ఉన్నారు. పొద్దున వచ్చిన మేళంలో ఎవరు బాగా వాయించారో గమనించి సాయంత్రానికి మాట్లాడుకుందామంటే ఆలస్యం అవుతుంది. ముహూర్తాల రోజుల్లో వాళ్లకు ఒకే రోజు రెండు మూడు పెళ్లిళ్లు ఉంటాయి. పెళ్లికి మాట్లాడేటప్పుడే సాయంత్రానికీ కలిపి మాట్లాడాలి.

ఇక్కడే ఇంకో మాట. చాలా ఇళ్లల్లో నలుగు పాటలు, అప్పగింత పాటలు, మంగళహారతులు పాడగల అమ్మమ్మలు, పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్ల గొంతు పెళ్లి పందిట్లోనే వినబడటం తగ్గింది. రిసెప్షన్ స్టేజి మీద జంట కూర్చోగానే ముందుగా వాళ్లనే పిలిచి ఒక హారతి పాట పాడించడానికి పది నిమిషాలు చాలు. ఆర్కెస్ట్రా గాయకులెవరూ ఇవ్వలేనిది వాళ్లు ఇస్తారు. పాడే గొంతు పెళ్లికూతురి చిన్నప్పటి నుంచీ ఆమెకు తెలిసిన గొంతు.

బ్యాండు మేళం సంగతి వేరు. అది నడిచే సంగీతం. పటాలాల బ్యాండ్లను చూసి మన ఊళ్లలో పెళ్లి బ్యాండ్లు పుట్టాయి. ట్రంపెట్లు, క్లారినెట్లు, సైడ్ డ్రమ్ములు, ఎర్ర కోట్లు, భుజాల మీద బంగారు కుచ్చులు అన్నీ అక్కడివే. కంటోన్మెంటు ఊరు కాబట్టి సికింద్రాబాద్‌లో ఈ పోలిక స్పష్టంగా కనబడుతుంది. ఇక్కడి ఏఓసీ, ఈఎంఈ సెంటర్లలో సైనిక బ్యాండ్లు ఇప్పటికీ ఉన్నాయి. జంట కారు దిగి హాల్లోకి వచ్చే పావుగంట బ్యాండుది. ఆ పావుగంటకు తగ్గ హుందాతనం మరే వాద్యానికీ లేదు. వెనకాల జనరేటరు బండిని నెట్టుకుంటూ, నెత్తి మీద దీపాల గుత్తులు మోస్తూ నడిచేవాళ్లు కూడా ఆ మేళంలో భాగమే. వాళ్ల కూలి కూడా బేరంలో చేరిందో లేదో అడిగి తెలుసుకోవడం పిలిచినవాళ్ల బాధ్యత.

మార్ఫా, తీన్‌మార్ కూడా వాకిటివే. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు ఈ నగరానికి తెచ్చిన లయ మార్ఫా. బార్కస్‌లో, ఏసీ గార్డ్స్‌లో దాన్ని నిలబెట్టుకున్నారు. డప్పు మన పల్లెది, తీన్‌మార్ దెబ్బ మన గల్లీది. సికింద్రాబాద్ లష్కర్ బోనాల్లో మహంకాళి గుడి ముందు ఆ దెబ్బ పడితే కాళ్లు ఆగవు. ఇవి అన్నీ శరీరాన్ని కదిలించడానికి ఉన్న సంగీతాలు. కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు వాటిని వినిపించడం అన్యాయం. బరాత్‌లో అరగంట, హాలు గేటు దగ్గర పావుగంట ఆడాల్సినవాళ్లను ఆడనివ్వండి. 2021 ఆగస్టులో మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లికూతురు తన బరాత్‌లో 'బుల్లెట్టు బండి' పాటకు స్వయంగా ఆడిన వీడియో రాష్ట్రమంతా తిరిగింది. మోహన భోగరాజు పాడిన ఆ పాట సినిమాలోది కాదు. ఆ వీడియో తరవాత రిసెప్షన్ పాటల జాబితాల్లోకి తెలంగాణ జానపదం, యూట్యూబ్ పాటలు ధైర్యంగా వచ్చాయి. పెళ్లికూతురు తల దించుకుని కూర్చోవాలన్న పాత పట్టింపు సడలడం నాకు సంతోషాన్నిచ్చింది.

గజల్, కవ్వాలీ కావాలనుకునే కుటుంబాలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. హైదరాబాద్ గజల్‌కు విఠల్‌రావు, కవ్వాలీకి వార్సీ సోదరులు ఎంత పేరు తెచ్చారో అందరికీ తెలుసు. పద్మశ్రీ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ పరంపర వార్సీ సోదరులది. అయితే కవ్వాలీకి ఎదురుగా కూర్చుని, ఒక్కో షేర్‌కు స్పందించే శ్రోతలు కావాలి. వేదికకు ఒక పక్క కవ్వాలీ, ఇంకో పక్క ఫొటోల క్యూ అంటే గాయకుడి ముందు జనం వీపులు తిప్పి నిలబడ్డట్టు ఉంటుంది. దాని కోసం వేరే సాయంత్రం, వంద మంది లోపు మనుషులు, నేల మీద జంబుఖానా ఏర్పాటు చేయండి. రిసెప్షన్‌లోనే కావాలంటే భోజనాలు, ఫొటోలు అయ్యాక మిగిలినవాళ్ల కోసం మూసిన హాల్లో పెట్టండి.

చర్చి పెళ్లిళ్ల వాళ్లు ఈ విషయంలో మిగతావారికంటే పద్ధతిగా ఉంటారు. 1850లో కట్టిన సెయింట్ మేరీస్ చర్చి లాంటి చోట్ల ప్రార్థనా గీతాలకు, క్వాయర్‌కు ఒక క్రమం ఉంది. రిసెప్షన్‌లో కూడా జంట ప్రవేశానికో పాట, కేకు కోతకో పాట, ఆ తరవాత డాన్సు. ఎప్పుడు ఏది అన్నది ముందే రాసి ఉంటుంది. మిగతా మతాల వాళ్లం ఆ అలవాటు నేర్చుకోవచ్చు.

సికింద్రాబాద్ రిసెప్షన్లలో ఎక్కువ కనబడేది, ఎక్కువ ఆలోచించాల్సింది ఆర్కెస్ట్రా. లైట్ మ్యూజిక్ ట్రూపులు మన సంగీతానికి చేసిన మేలు చిన్నది కాదు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సినిమాల్లో పేరు తెచ్చుకోకముందు నడిపిన ట్రూపులో ఇళయరాజా, గంగై అమరన్ వాయించారు. వేదికల మీద రాత్రుళ్లు పాడటం, ఎవరు ఏ శ్రుతిలో అందుకున్నా వెంట నడవడం వాళ్లకు బడి. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలయ్యాక కొత్త గొంతులు చాలా వచ్చాయి. పోటీల్లో పాడిన పిల్లలు పెళ్లి వేదికల మీదికీ వచ్చారు. ఇది మంచి జీవనం, గౌరవమైన జీవనం.

కానీ ఇప్పుడు ఆర్కెస్ట్రా పేరుతో వస్తున్నది చాలాసార్లు ఆర్కెస్ట్రా కాదు. పూర్వం వయొలిన్లు, తబలా, ఢోలక్, అకార్డియన్, గిటార్, బాంగోలతో పది పన్నెండు మంది కూర్చునేవారు. ఇప్పుడు ఒక కీబోర్డు, ఒక రిథమ్ ప్యాడ్, ఇద్దరు గాయకులు, మిగతాదంతా ల్యాప్‌టాప్‌లోని ట్రాక్. ట్రాక్ మీద పాడటం తప్పు కాదు. దాన్ని లైవ్ అని చెప్పి డబ్బు తీసుకోవడం తప్పు. మాట్లాడుకునేటప్పుడు 'ట్రాక్ మీద పాడతారా, వాయించేవాళ్లు ఉంటారా, ఎవరెవరు ఏ వాద్యం' అని అడగండి. ట్రాక్‌తో పాడే గాయకుడు దాని వేగానికి, దాని శ్రుతికి కట్టుబడి ఉంటాడు. ఎవరో పెద్దాయన స్టేజి ఎక్కి ఆశీర్వదిస్తుంటే పాటను ఒక చరణం దగ్గర ఆపి, వాద్యం మీద మెల్లగా నడిపి, ఆయన దిగాక మళ్లీ ఎత్తుకోవడం మనుషులు వాయిస్తేనే కుదురుతుంది. రిసెప్షన్‌కు అసలు కావాల్సిన నేర్పు అదే. డబ్బు తక్కువైతే పది మంది అక్కర్లేదు. కీబోర్డు, తబలా, వేణువు లేదా వయొలిన్, ఒక గిటార్, రెండు మంచి గొంతులు ఉంటే మూడు వందల మంది హాలుకు నిండుగా సరిపోతుంది.

గాయకుల్ని పంపిన వీడియోలు చూసి ఎంచుకోవద్దు. వీడియోల్లో గొంతును సాఫ్ట్‌వేర్‌తో సరిచేసి ఉండొచ్చు. ప్యాట్నీ దగ్గర హరిహర కళాభవన్‌లో, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో, రవీంద్రభారతిలో సినిమా పాటల కార్యక్రమాలు జరుగుతుంటాయి. ఇంట్లో నలుగురూ కలిసి ఒకసారి వెళ్లి కూర్చోండి. ఎవరు పల్లవి దాటాక కూడా శ్రుతిలో ఉంటున్నారో, ఎవరికి కాగితం చూడకుండా చరణం వస్తోందో అక్కడ తెలుస్తుంది.

పాటల జాబితా మీరే ఇవ్వండి. గాయకులకు వదిలేస్తే ఆ నెల హిట్లన్నీ వస్తాయి. హాల్లో మూడు తరాలుంటాయి. ఘంటసాల పాట వింటే కళ్లు మెరిసేవాళ్లు, ఇళయరాజా పాటలతో కాలేజీ చదివినవాళ్లు, నిన్న విడుదలైన పాటకు అడుగులు తెలిసినవాళ్లు. సికింద్రాబాద్ అయితే రెండు హిందీ, ఒక తమిళం, ఒక ఉర్దూ గజల్ కూడా ఉండాలి. ఎందుకంటే మారేడుపల్లి పక్కింటివాళ్లూ, జనరల్ బజారు దుకాణదారూ వస్తారు. పాట మాటలు ఒకసారి చదవండి. పెళ్లిళ్లలో విరహం, వంచన, విడిపోవడం గురించిన పాటలు బాణీ హుషారుగా ఉందని పాడేస్తున్నారు. పెళ్లికూతురి తండ్రి స్టేజి మీద ఉండగా ఆ మాటలు వినబడటం బాగుండదు. పెళ్లి పాటలకు తెలుగు సినిమాలో లోటేమీ లేదు. బాపు 1991లో తీసిన 'పెళ్ళిపుస్తకం'కు ఆరుద్ర రాసిన పెళ్లిపాట, 2001 నాటి 'మురారి'కి సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసిన పెళ్లిపాట ఇన్నేళ్లయినా ఏ పందిట్లో ఎత్తుకున్నా జనం గొంతు కలుపుతారు. రెండో దాంట్లో పాత తరం గాయని జిక్కి గొంతుంది. పాత తరానికీ కొత్త తరానికీ ఒకే పాటలో చోటిచ్చిన అరుదైన సందర్భం అది.

యాంకర్ గురించి క్లుప్తంగా. మైకు చేతికొస్తే ఖాళీ ఉంచకూడదనుకునే యాంకర్లు మంచి పాటల్ని చంపుతారు. జంటను పరిచయం చేయడం, పెద్దల్ని పిలవడం, భోజనాలకు ఆహ్వానించడం. ఈ మూడు పనులకు మించి యాంకర్ అక్కర్లేదు.

డీజే మీద పెద్దవాళ్లకున్న కోపం నాకు తెలుసు. ఆ కోపంలో సగమే న్యాయం. మంచి డీజే జనాన్ని చదవగలడు. ఎవరు లేచి వస్తున్నారో, ఎవరు అలిసిపోయారో చూసి పాట మార్చడం నేర్పు. కొత్త జంట స్నేహితులకు ఒక గంట ఆట కావాలి, అది వాళ్ల హక్కు. తప్పు డీజేది కాదు, వేళది, మోతది. తొమ్మిది లోపు డీజే వద్దు. ఏడున్నరకే బేస్ మొదలుపెడితే ఖాళీ కుర్చీలకు వినిపించినట్టు ఉంటుంది, వచ్చిన పెద్దలు బెదిరిపోతారు. హాల్లో ఈ సంభాషణ మీరు వినే ఉంటారు:

'బాబూ, కొంచెం సౌండు తగ్గించమ్మా.'

'ఇంకా స్టార్టే చెయ్యలేదు అంకుల్, చెకింగే నడుస్తోంది.'

శబ్దం లెక్క ఒకసారి తెలుసుకుంటే ఈ పంచాయితీ ఉండదు. రోజుకు ఎనిమిది గంటలు విన్నా చెవికి హాని లేని హద్దు 85 డెసిబెల్స్ అని వృత్తి ఆరోగ్య నిపుణుల ప్రమాణం. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ సురక్షిత కాలం సగం అవుతుంది. 88 దగ్గర నాలుగు గంటలు, 100 దగ్గర పదిహేను నిమిషాలే. సంగీత వేదికలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పెట్టిన పరిమితి కూడా పదిహేను నిమిషాల సగటున 100. మూడు డెసిబెల్స్‌కే సురక్షిత కాలం సగం అవుతుందంటే, 'కొంచెమే పెంచాను' అన్న మాటకు అర్థం ఏమిటో ఆలోచించండి. స్పీకర్ బాక్సుల ముందు ఉయ్యాల బండిలో పసిపాపను పెట్టుకుని కూర్చున్న తల్లిని ఎవరైనా వెళ్లి లేపి వెనక్కి కూర్చోబెట్టాలి. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మూసిన హాల్లో అంత తగ్గదు, ఎందుకంటే టైల్స్ నేల, గాజు తలుపులు, రేకుల కప్పు శబ్దాన్ని తిరిగి హాల్లోకే కొడతాయి. రెండు పెద్ద బాక్సుల్ని స్టేజికి ఇరువైపులా పెట్టి గట్టిగా మోగించే కన్నా, నాలుగు చిన్నవాటిని హాలంతా పరిచి మెల్లగా మోగించడం మేలు. ఆడే చోటును భోజనాల చోటుకు దూరంగా, బాక్సుల ముఖం ఆటవైపే ఉండేలా పెట్టమని అడగండి. ఇది అదనపు ఖర్చు కాదు, పొద్దున్నే ఒక మాట చెప్పడమే.

బేస్ గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. కొలిచే మీటర్లు సాధారణంగా చూపే లెక్క మనిషి చెవి పద్ధతిలో ఉంటుంది, అందులో చాలా లోతైన శబ్దాలకు విలువ తక్కువ. మీటరు హద్దులోనే ఉన్నా పక్కింటి కిటికీ అద్దాలు అదురుతుంటాయి. లోతైన శబ్దం గోడల్లోంచి కూడా దూసుకుపోతుంది. కాబట్టి పాట సౌండు తగ్గించినప్పుడు ఊఫర్ సౌండు కూడా విడిగా తగ్గించమని చెప్పాలి.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్ వాడకూడదు. 2010 సవరణతో వాద్యాలనూ దీని కిందికి తెచ్చారు, కాబట్టి బ్యాండుకూ డప్పుకూ ఇదే గడియారం. మినహాయింపు మూసిన ఆవరణలకే, అంటే ఆడిటోరియం, బాంక్వెట్ హాలు లాంటివాటికి, అదీ లోపలివాళ్లకు వినబడేంత వరకే. బోయిన్‌పల్లి నుంచి కొంపల్లి, మేడ్చల్ దాకా రోడ్డు వెంట వరుసగా ఉన్న గార్డెన్లలో చాలా వాటికి పచ్చిక లాన్లే అసలు ఆకర్షణ. ఆకాశం కింద ఉన్న లాన్ మూసిన ఆవరణ కాదు. నివాస ప్రాంతాల్లో పగటి హద్దు 55 డెసిబెల్స్, రాత్రి 45. వ్యాపార ప్రాంతాల్లో 65, 55. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద ప్రాంతాలు. లౌడ్‌స్పీకర్‌కు ముందే రాతపూర్వక అనుమతి కావాలి. 2005 జూలైలో సుప్రీంకోర్టు ఈ రాత్రి నిషేధాన్ని గట్టిగా నిలబెట్టింది. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు నిషేధించారు. పదికి ఆపాల్సి వస్తే ఆట గంట తొమ్మిదికి మొదలవ్వాలి. అంటే జంట ఎనిమిదికల్లా స్టేజి మీద ఉండాలి. ఫొటోగ్రాఫర్‌తో, మేకప్ వాళ్లతో ఈ మాట ముందే జరగాలి. సంగీతం ప్రణాళిక ఫొటోషూట్ దగ్గరే మొదలవుతుందని చాలామందికి తట్టదు.

పాటల హక్కుల విషయంలో ఒక అయోమయం ఉంది. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మతపరమైన వేడుకలకు మినహాయింపు ఇస్తూ, పెళ్లి ఊరేగింపును, పెళ్లికి సంబంధించిన సామాజిక వేడుకలను అందులో చేర్చింది. పెళ్లిళ్లలో రాయల్టీ అడగకూడదని 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వ శాఖ బహిరంగ ప్రకటన ఇచ్చింది. అదే అర్థంలో గోవా ప్రభుత్వం ఇచ్చిన సర్క్యులర్‌ను మాత్రం 2024 ఆగస్టులో బొంబాయి హైకోర్టు గోవా బెంచ్ కొట్టేసింది. కాబట్టి పెద్ద హోటల్లో రిసెప్షన్ పెట్టేవాళ్లు, హోటలు వాళ్లు మ్యూజిక్ లైసెన్సు పేరుతో ఏదైనా వసూలు చేస్తారా అని బుకింగ్‌కు ముందే అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవడం మంచిది. మామూలు ఫంక్షన్ హాలు రిసెప్షన్‌లో ఆర్కెస్ట్రా పాడిస్తున్నవాళ్లు కంగారు పడక్కర్లేదు.

బేరం కుదిరాక రాసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎన్ని గంటలు, మధ్యలో ఎంత విరామం, ఎంత మంది, సౌండ్ సిస్టం ఎవరిది, కరెంటు పోతే జనరేటరు ఎవరిది, వర్షం వస్తే లాన్ నుంచి లోపలికి మార్చే పని ఎవరిది. సౌండ్ చెకింగ్ ఆరింటికల్లా, అతిథులు రాకముందే అయిపోవాలి. రేటు ముహూర్తాన్ని బట్టి మారుతుంది. మంచి ముహూర్తం ఉన్న రోజున ఊళ్లోని మంచి కళాకారులందరికీ పిలుపులుంటాయి. మూఢం, ఆషాఢం వెళ్లాక వచ్చే శ్రావణ ముహూర్తాలకైతే రెండు మూడు నెలల ముందే అడ్వాన్స్ ఇవ్వాలి. అలాంటి రోజున చివరి వారంలో దొరికేవాళ్లలో ఎంచుకోవడానికి పెద్దగా మిగలదు.

కళాకారులకు భోజనం ఎక్కడ, ఎప్పుడు పెడతారన్నది కూడా ఆ కాగితంలో రాయండి. ఆరింటి నుంచి పది దాకా నిలబడి పాడినవాళ్లకు, ఊదినవాళ్లకు, కొట్టినవాళ్లకు పదిన్నరకు వెళ్లేసరికి బఫేలో అడుగు గరిటెలే మిగులుతున్నాయి. పాడేవాళ్లు కడుపు నిండా తిని వెంటనే పాడలేరు, కాబట్టి ఏడింటికి తేలికగా టిఫిను, కార్యక్రమం అయ్యాక వేరుగా తీసి ఉంచిన పూర్తి భోజనం. ఆర్కెస్ట్రాకు, మేళానికి, డప్పు వాళ్లకు, దీపాలు మోసినవాళ్లకు అదే భోజనం, అదే బల్ల. మిగిలిన డబ్బు సామాను సర్దుకోకముందే చేతికివ్వడానికి ఇంట్లో ఒకరికి బాధ్యత అప్పగించండి. పెళ్లికొడుకు బాబాయో, పెళ్లికూతురి మేనమామో ఆ కవరు జేబులో పెట్టుకుని తొమ్మిదిన్నర నుంచి స్టేజి పక్కనే ఉంటే, రాత్రి పదకొండింటికి 'సార్ ఎక్కడున్నారు' అని కళాకారులు హాలంతా వెతికే పని ఉండదు.